నేను చనిపోయిన సినిమా

ఆ రోజుల్లో మార్కాపురంలో పొద్దున్నే రోడ్డు మీద ఒక ఆడపిల్ల పరుగెత్తుతూ కనిపిస్తే జనం మొదట ఆమె వెనకవైపు చూసేవారు, కుక్క తరుముతోందేమోనని. కుక్క లేదని తేలాక ఇంకా ఎక్కువ కంగారు పడేవారు. నేను అలా పరుగెత్తిన పిల్లనే. మాకు ఆదర్శాలు మైదానంలో ఉండేవి కావు, తెర మీద ఉండేవి. వానలో తడుస్తూ సాధన చేసే కబడ్డీ వీరుడు, కాలు విరిగినా బరిలో దిగే మల్లయోధుడు, ఆఖరి అడుగులో గెలిచే పరుగుల రాణి. వాళ్ళలో ఒక్కరూ ఈ భూమ్మీద పుట్టినవాళ్ళు కాదు, అయినా మాకు దగ్గరి బంధువులు. మా కాలేజీ నుంచి వెళ్ళి రాష్ట్ర పోటీల్లో పతకం తెచ్చిన అక్క పేరు అడిగితే ఎవరికీ గుర్తుండదు గానీ, సినిమాలో కబడ్డీ హీరోకి విరిగింది ఏ చేతి వేలో ఊరంతా చెప్తుంది. (మా చిన్నాన్న ఒక సినిమాలో బాక్సరు ఓడిపోయాడని రాత్రి అన్నం మానేసి, పొద్దున ఆకలికి తట్టుకోలేక ఆ బాక్సర్నే తిట్టాడు.) అలాంటి లేని ఆటగాళ్ళందరినీ నేను ఇప్పటికీ టీవీలో ఇష్టంగా చూస్తాను, ఒక్కామెను తప్ప. ఆమె పేరు ఎస్తేరు. ఆమె వీపు నాది, ఆమె నవ్వు నాది, ఆమె సమాధి కూడా నాదే.

అప్పుడు నేను డిగ్రీ రెండో సంవత్సరం. మాది తర్లుపాడు దగ్గర ఒక పల్లె. నాయన కంది, సజ్జ వేసేవాడు. వానను నమ్మడం కంటే నా కాళ్ళను నమ్మడం మేలని అమ్మతో అంటుండేవాడు. నేను రోజూ బస్సులో కాలేజీకి వెళ్ళి, పదిహేను వందల మీటర్లు పరుగెత్తి, ఓపిక మిగిలితే చదువుకునేదాన్ని. మా ఆటల మాస్టారిని అందరం విజిల్ సారు అనేవాళ్ళం. మెడలో విజిల్ లేకుండా ఆయన్ని చూసినవాళ్ళు లేరు. (పెళ్ళి భోజనాల్లో సాంబారు కోసం కూడా ఊదాడని చెప్పుకునేవారు. నేను చూడలేదు.) ఆయనకు నాతో ఒకటే గొడవ. పరుగెత్తేటప్పుడు నా కుడి మోచేయి పక్కకు లేచిపోయేది, పక్కన ఎవరినో నెట్టుతున్నట్టు. "ఆ మోచెయ్యి లోపలికి పెట్టమ్మే! పరిగెత్తమంటే బస్సు ఎక్కేదాని మాదిరి తోస్తావేంది?" అని రెండేళ్ళుగా అరుస్తూనే ఉన్నాడు. మోచేయి వినలేదు.

ఆ ఎండాకాలం మా వైపు ఒక సినిమా యూనిట్ దిగింది. పెద్ద సినిమా కాదు. డైరెక్టరు నెత్తి మీద టోపీ తీయని కుర్రవాడు, హీరోయిన్ హైదరాబాదు నుంచి వచ్చిన సుకుమారమైన అమ్మాయి, కథ పరుగు పందేలది. ఆమెకు మాటలు బాగా వచ్చు, పరుగొక్కటే రాదు. కంభం చెరువు కట్ట మీద ఆమె పరుగు చూసి మా విజిల్ సారు "తప్పించుకున్న కోడిని పట్టబోయినట్టుండాది" అన్నాడు. అని ఊరుకోక, మర్నాడు నన్ను తీసుకెళ్ళి ఆ టోపీ డైరెక్టరు ముందు నిలబెట్టాడు. కట్ట మీద కాస్త దూరం పరుగెత్తించారు. డైరెక్టరు నా ముఖం వైపు చూడనే లేదు.

"ముఖంతో పని లేదండీ, వీపు చాలు. ఆ మోచేయి చూడండి! చావును పక్కకు నెట్టి పరుగెత్తుతున్నట్టు లేదూ? ఇదే మా ఎస్తేరు!" అన్నాడు.

"అది తప్పు సార్. నేను సరిజేస్తుండా," అన్నాడు విజిల్ సారు నొచ్చుకుని.

"దండం పెడతాను, సరిచేయకండి."

నాలో ఉన్న తప్పును ఒకాయన మెచ్చుకోవడం జీవితంలో అదే మొదటిసారి. ఆ ఆనందంలో నేను చావడానికి ఒప్పేసుకున్నాను.

ఎందుకంటే కథలో ఎస్తేరు చచ్చిపోతుంది. కూలి పని చేసుకునే ఇంట్లో పుట్టిన పిల్ల. చెప్పుల్లేకుండా అందరినీ దాటిపోయే పిల్ల. జిల్లా పోటీలకు ముందు ఒక తెల్లవారుజామున సాధన చేస్తూ, మంచులో దారి కనబడక, పాడుబడిన పలకల గని గుంతలో పడిపోతుంది. ఆ తర్వాత సినిమా అంతా చెల్లెలిది, అంటే హీరోయిన్‌ది. తెర మీద ఎస్తేరు కనిపించేది వెనక నుంచే. నన్ను మా పక్క పల్లెలో, పలకరాళ్ళ ముక్కలు పోసిన గుట్టల మధ్య పరుగెత్తించారు. ఆ ముక్కల మీద అడుగు పడితే కరకరమని ఎవరో పళ్ళు నూరుతున్నట్టు చప్పుడు. ఎస్తేరు ఇంటి కోసం ఆ పల్లెలో కూలి పనులకు వెళ్ళే క్రైస్తవుల వీధి చివర ఒక అవ్వ ఇల్లు అద్దెకు తీసుకున్నారు. పనిలో పనిగా అవ్వను కూడా ఎస్తేరు అవ్వగా మంచం మీద కూర్చోబెట్టి, "నీ మనవరాలు చచ్చిపోయింది అవ్వా, ఏడువు" అన్నారట. ఆ రోజు నేను అక్కడ లేను. అవ్వ ఏడ్చిందట. కట్ అన్నారట. అవ్వ ఆపలేదట. లైట్లు పట్టుకున్న కుర్రవాళ్ళు కూడా కళ్ళు తుడుచుకుంటుంటే, డైరెక్టరు మళ్ళీ కెమెరా తిప్పించాడట.

చివరి రోజు డైరెక్టరు నన్ను నవ్వుతూ దిగిన ఫొటో ఒకటి ఇమ్మన్నాడు. వాల్‌పోస్టరు మీద వేస్తారనుకుని, రెండు జడలు వేసుకుని ఎర్ర రిబ్బన్లతో దిగింది ఇచ్చాను. దాన్ని పింగాణీ బిళ్ళ మీద అచ్చు వేయించి, ఆ పల్లె సమాధుల తోటలో చెక్కతో, ప్లాస్టరుతో కట్టిన ఉత్తుత్తి సమాధికి అతికించారు. షూటింగ్ కాగానే తీసేయాలని పాస్టరు గారు మరీ మరీ చెప్పారట. యూనిట్ వాళ్ళు జనరేటరు తీసుకెళ్ళారు, గొడుగులు తీసుకెళ్ళారు, కుర్చీలు తీసుకెళ్ళారు. నన్ను మాత్రం అక్కడే వదిలేసి పోయారు.

సినిమా మార్కాపురంలో వారం ఆడింది. మొదటి రోజే ఇంటిల్లిపాదీ వెళ్ళాం. నా వీపు కనిపించగానే అమ్మ "మా పిల్లే, మా పిల్లే" అంటూ ముందు వరుస వాళ్ళ భుజాలు తట్టింది. ఎస్తేరు గుంతలో పడగానే కొంగు నోట్లో కుక్కుకుంది. అంతలో తెర నిండా సమాధి, దాని మీద రెండు జడలతో నవ్వుతూ నేను.

"ఒరే, అది మా పిల్లరా! బతికే ఉండాదిరా! ఇదో, ఇక్కడే బొరుగులు తింటాంది చూడండి!" అని అమ్మ లేచి నిలబడి అరిచింది.

హాలంతా మా వైపు తిరిగింది. తెర వెలుతురులో అందరూ ఒకసారి ఆ ఫొటోను, ఒకసారి నన్ను చూశారు. నవ్వుతారనుకున్నాను. ఒక్కరూ నవ్వలేదు. నా పక్క సీటాయన మెల్లగా కాళ్ళు తన వైపు లాక్కున్నాడు. బొరుగుల పొట్లం చేతిలో పట్టుకుని, నమలాలో మానాలో తెలియక, చచ్చినదానిలా కూర్చున్నాను.

ఇంటికి రాగానే అమ్మ దిష్టి తీసింది. "బతికున్న పిల్ల ఫొటో సమాధి మీద ఉంటే ఆయుస్సు నిలస్తదా? పోయి పీక్కోని రా," అంది.

"సినిమాలేవే," అన్నాడు నాయన.

"సమాధి సినిమాలో ఉండాదా, ఊర్లో ఉండాదా?"

నాయన తువ్వాలు దులుపుకుని బయటికి పోయాడు. నేనైతే పట్టించుకోలేదు. అసలు భయం తర్వాత మొదలైంది. సినిమా హాల్లోంచి పోయి అందరి సెల్‌ఫోన్లలోకి వచ్చింది. హీరోయిన్ పేరు ఎవరికీ అక్కర్లేదు, అందరికీ ఎస్తేరే. తర్లుపాడు బస్సులో ఒక చిన్న పిల్ల నా పక్కన కూర్చోనని ఏడ్చింది. త్రిపురాంతకం నుంచి వచ్చిన ఒకామె బస్టాండులో నా చెయ్యి పట్టుకుని నాడి చూసినట్టు కాసేపు ఉండి, "వెచ్చగానే ఉండాదమ్మా" అని పక్కనున్నామెకు చెప్పి వెళ్ళిపోయింది. పొద్దున్నే కాలేజీ మైదానంలో పరుగెత్తుతుంటే నా అడుగుల చప్పుడుకు కొంచెం వెనకగా ఇంకో అడుగుల చప్పుడు వినిపించడం మొదలైంది. నేను ఆగితే అదీ ఆగేది, ఒక్క అడుగు ఆలస్యంగా. విజిల్ సారుకు చెప్తే, "అది నీ గుండెకాయ కొట్టుకునేది. నోరు మూసుకోని పరిగెత్తు" అన్నాడు. గుండెకాయకు బూట్లు ఉంటాయా అని అడిగే ధైర్యం లేకపోయింది. వెనక్కి చూస్తూ పరుగెత్తడం అలవాటై, రోజురోజుకూ వెనకబడిపోయాను. "ఇట్లయితే కాలేజీ జట్టులో నుంచి నీ పేరు తీసేస్తా" అన్నాడాయన చివరికి. ఆ రోజే స్క్రూడ్రైవర్ సంచిలో వేసుకుని, నా ఫొటో నేను తెచ్చుకుందామని బయలుదేరాను.

మిట్టమధ్యాహ్నం. మా వైపు మధ్యాహ్నాలు రాత్రుల కంటే నిర్మానుష్యంగా ఉంటాయి. పలకరాళ్ళ గుట్టలు ఎండకు నీళ్ళలా మెరుస్తున్నాయి. సమాధుల తోటలో గాలి లేదు, పిట్ట లేదు. పాత సమాధుల మీద గడ్డి మొలిచి ఉంది. నాది మాత్రం శుభ్రంగా ఊడ్చి ఉంది. దాని మీద అప్పుడే కోసిన బంతిపూలు, కరిగిన కొవ్వొత్తులు. సమాధి కాళ్ళ దగ్గర అరిగిపోయిన కాన్వాసు బూట్ల జతలు, ఒక గ్లూకోజు పొట్లం, నీళ్ళ సీసా. చుట్టుపక్కల బడుల పిల్లలు ఆటల పోటీలకు ముందు వచ్చి పెట్టిపోతున్నారన్నమాట. పింగాణీ మీద నా నుదురు చాలామంది వేళ్ళు తాకి తాకి నున్నబడింది. ఒక్క క్షణం నాకు కూడా దండం పెట్టుకోవాలనిపించింది. (చేతులు కొంచెం లేచాయి కూడా.) సిగ్గుపడి, స్క్రూడ్రైవర్ బిళ్ళ కిందికి దూర్చాను.

"ఎవురమ్మా అది? మా పిల్ల ఫొటో ఎందుకు పీకతన్నావు?"

నా చేతిలోంచి స్క్రూడ్రైవర్ జారిపోయింది. వెనక తెల్లచీరలో అవ్వ, చేతిలో చీపురు. ఎంతసేపటి నుంచి నిలబడి ఉందో తెలియదు. ఆ రాళ్ళ మీద నడిచి వచ్చినా చప్పుడే కాలేదు. నా ముఖం చూసి కెవ్వుమంటుందనుకున్నాను. అవ్వ దగ్గరికి వచ్చి, తల కొంచెం వంచి చూసి, చాలా మామూలుగా అంది: "వచ్చినావా? ఇంత ఎండన పడి వచ్చినావేంది? రా, ఇంటికి పోదాం."

చెయ్యి పట్టుకుని నడిపించింది. వదిలించుకోవచ్చు. నేను అథ్లెట్‌ను, ఆమె ఎండుపుల్లలా ఉంది. కానీ వదిలించుకోలేకపోయాను. సినిమాలో చూసిన ఇల్లే, అదే మంచం. గోడ మీద షూటింగ్ వాళ్ళు వదిలేసిపోయిన, ఫ్రేము కట్టిన నా ఫొటో, దాని చుట్టూ క్రిస్మస్‌కు పెట్టే రంగు బల్బులు వెలుగుతూ ఆరుతూ ఉన్నాయి. అవ్వ ఒక పళ్ళెంలో సంగటి, గోంగూర పెట్టి ఫొటో ముందు ఉంచి, కళ్ళు మూసుకుని ప్రార్థన చేసింది. తర్వాత ఇంకో పళ్ళెం తెచ్చి నా ముందు పెట్టింది. అంటే నా కంటే ముందు నాకే వడ్డించింది. మా వీధి వాళ్ళు ఆ వీధిలో అన్నం తినడం ఆ రోజుల్లో లేదు. ఆ సంగతి నాకు చేయి కడుక్కున్నాక గానీ గుర్తు రాలేదు. భయంలో ఆకలి ఒక్కటే గుర్తుంటుంది.

తింటుంటే అవ్వ నా తలలో వేళ్ళు పెట్టి, ఎడమ చెవి పైన జుట్టు పాయ తీసింది. "గడప మీద పడి ఇక్కడ కొట్టుకున్నావు. నెత్తురు ఎంత కారిందనుకున్నావు!" అంది. నాకు నిజంగానే అక్కడ మచ్చ ఉంది. చిన్నప్పుడు గడప మీద పడితే తగిలిందే. ఫొటోలో అది కనపడదు. గడప మీద పడని పిల్ల పల్లెల్లో ఎవరుంటారని తర్వాత నాకు నేను చెప్పుకున్నాను గానీ, అప్పుడు మాత్రం చేతిలోని ముద్ద పళ్ళెంలో పెట్టేశాను.

"అవ్వా, అది సినిమా. నేను ఎస్తేరును కాదు," అన్నాను ఎలాగో.

"సినిమా అని నాకు తెల్దా? పిచ్చిదాన్ననుకున్నావా?" అవ్వ నా పళ్ళెంలో ఇంకో ముద్ద వేసింది. "నా కూతురు మిరప కోతలకని పోయి, జరమొచ్చి ఆడనే పోయినాది. ఆడనే పూడ్చేసినారు. ఫలానా చోటని చూపిచ్చినోళ్ళు లేరు. ఇన్నేండ్లకు ఈళ్ళొచ్చి ఏడువు అవ్వా అన్న్యారు. ఏడ్సినా. సినిమావోళ్ళు పోయినారు, ఏడుపు పోలే. సమాధి ఆడ ఉండిపాయె. రోజూ పోయి ఊడుస్తా."

గోడ మీద రంగు బల్బులు నా ముఖం మీద ఎర్రగా, పచ్చగా వెలిగి ఆరాయి. లేచి బయలుదేరుతుంటే అవ్వ గుమ్మం దాకా వచ్చి, "క్రిస్మస్ ముందర పాస్టరయ్య ఆడపిల్లలకు పరుగు పందెం పెడతన్నాడు, ఎస్తేరు పేరు మీద. నువ్వూ రా. సినిమాలో వీపే చూపిచ్చినారు. ముందర నుంచి చూడాలనుండాది" అంది. వస్తానన్నాను. ఫొటో తీయలేదు. స్క్రూడ్రైవర్ కూడా అక్కడే వదిలేసి వచ్చాను.

అమ్మ ఒప్పుకోలేదు, ఆపనూ లేదు. తానూ వస్తానంది. పందెం రోజు పొద్దున్నే ఆటోలో నా పక్కన సంచితో కూర్చుంది. సంచిలో నిమ్మకాయలు, మిరపకాయలు, కాటుక డబ్బీ, ఇంకో స్క్రూడ్రైవర్. "నువ్వు పరిగెత్తేది పరిగెత్తు. నేను పీకేది పీకతా," అంది.

సూర్యుడు వచ్చాడు గానీ మంచులో పాలచుక్కలా ఉన్నాడు. సమాధుల తోట గేటు దగ్గర నుంచి పలకల గుట్టలు చుట్టి, మళ్ళీ గేటు దాకా పందెం. నేను చలి వంకతో తలకు చున్నీ చుట్టుకున్నాను, ఎవరూ గుర్తుపట్టలేదు. సమాధి తీసేయమని మరీ మరీ చెప్పిన ఆ పాస్టరు గారే మైకులో, "మన మధ్య లేని మన సహోదరి ఎస్తేరు కోసం ఒక నిమిషం మౌనం పాటిద్దాం" అన్నారు. నా కోసం నేను తల వంచుకుని నిలబడ్డాను. ఆ నిమిషంలో నా ఊపిరి చప్పుడు నాకే పెద్దగా వినిపించి, ఎవరైనా వింటారేమోనని బిగబట్టాను.

ఈల వేశారు. మొదటి మలుపు దాకా అందరం గుంపుగా ఉన్నాం. మంచులోకి వెళ్ళాక రాళ్ళ మీద అడుగుల కరకర తప్ప ఏమీ లేదు. అప్పుడు నా ముందు నన్ను నేనే చూశాను. రెండు జడలు, ఎర్ర రిబ్బన్లు, పక్కకు లేచిన కుడి మోచేయి. అదే వీపు. తెర మీద చూసిన నా వీపు, మంచులో నాకు ముందు పరుగెత్తుతోంది. పక్కకు చూశాను. అక్కడా కుడి మోచేయి. వెనక్కి చూశాను. మంచులోంచి ఒకరి తర్వాత ఒకరు, అందరికీ రెండు జడలు, అందరికీ మోచేయి అలాగే. నా కాళ్ళు నా మాట వినడం మానేసి వాటంతట అవి పరుగెత్తాయి. గని గుంత పక్క నుంచి పోతుంటే కిందినుంచి కూడా అడుగుల చప్పుడు లేచింది. (గుంతల్లో ప్రతిధ్వని వస్తుంది. ఇప్పుడు తెలుసు.) వెనకవాళ్ళ భయంతో ముందామెను అందుకున్నాను. దాటేయడానికి ఊపిరి ఉంది, కాళ్ళలో బలం ఉంది, ధైర్యమే లేదు. దాటితే ఆమె ముఖం చూడాలి. ఆ రెండు జడల ముందు వైపు ఏ ముఖం ఉంటుందో నాకు తెలుసుననిపించింది. అలాగే ఆమె వీపు వెనకే పరుగెత్తి, గేటు దగ్గర రెండోదానిగా ఆగాను.

ముందామె అప్పుడు వెనక్కి తిరిగింది. పదో తరగతి చదివే బక్కపిల్ల, ముందు పన్ను ఒకటి లేదు. రొప్పుతూ, నవ్వుతూ, "అక్కా, నేను ఎస్తేరక్క మాదిరే పరిగెత్తినానా?" అంది. నాకు ప్రాణం లేచి వచ్చి, చెమట తుడుచుకుందామని తల మీది చున్నీ తీశాను. పిల్ల నా ముఖం చూసింది. నా వెనక సమాధి మీది ఫొటో చూసింది. నోరు తెరిచింది, మూసింది, మళ్ళీ పరుగు అందుకుంది. పాస్టరు గారు "అయిపోయిందమ్మా, నువ్వే గెలిచినావు, ఆగు!" అని మైకులో అరుస్తున్నా వినకుండా గుట్టలు ఇంకోసారి చుట్టి వచ్చింది.

ఈ గోలలో నేను అమ్మ కోసం వెతికాను. సమాధి దగ్గర ఉంది, చేతిలో స్క్రూడ్రైవర్. ఎదురుగా కుర్చీలో అవ్వ. ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో మొదలు నాకు తెలియదు. నేను వెళ్ళేసరికి అవ్వ అంటోంది: "నీ బిడ్డ నీకుండాది గదమ్మా. సల్లగా ఉంటది. దీన్ని నాకు ఉండనియ్యి."

అమ్మ చాలాసేపు ఫొటో వైపు చూసింది. స్క్రూడ్రైవర్ సంచిలో పడేసి, కాటుక డబ్బీ తీసి, పింగాణీ మీద నవ్వుతున్న నా బుగ్గకు దిష్టి చుక్క పెట్టింది. "ఇంతమంది చూస్తాండారు, దిష్టి తగలదా పిల్లకు?" అంది అవ్వతో కోపంగా. నాకు రెండో బహుమతిగా స్టీలు టిఫిన్ డబ్బా ఇచ్చారు. ఆ తర్వాత మైదానంలో వెనక అడుగుల చప్పుడు వినిపించలేదు. జట్టులో నా పేరు నిలిచింది. విజిల్ సారు మాత్రం అది అమ్మ సంచిలోని నిమ్మకాయల వల్ల కాదు, తన వల్లనే అని నమ్మాడు.

ఇప్పుడు నేను గిద్దలూరు వైపు ఒక బడిలో ఆటల టీచర్ని. మెట్లు ఎక్కితే మోకాళ్ళు పలుకుతాయి. పిల్లలు నన్ను వెనక ఏ పేరుతో పిలుస్తారో విననట్టు నటిస్తాను. పోయిన ఏడాది అవ్వ చనిపోయిందని కబురొస్తే వెళ్ళాను. ఆమె కోరుకున్న చోటే, ఎస్తేరు పక్కన పెట్టారు. చెక్క సమాధి ఎప్పుడో శిథిలమైతే వీధి వాళ్ళంతా కలిసి సిమెంటుతో కట్టించారట. ఇప్పుడది ఉత్తుత్తి సమాధి అని చెబితే నమ్మేవాళ్ళు ఆ పల్లెలో లేరు. అందరూ వెళ్ళిపోయాక నేను ఒక్కదాన్నే మిగిలితే, కొత్తగా వచ్చిన కుర్ర పాస్టరు దగ్గరికి వచ్చి, "మీరు ఎస్తేరు గారికి ఏమవుతారమ్మా?" అని అడిగాడు.

"చెల్లెల్నండీ," అన్నాను.

ఆయన ఫొటో వైపు, నా వైపు మార్చి మార్చి చూసి, "పోలికలుండాయమ్మా," అన్నాడు. నొప్పించకూడదని కాబోలు మెల్లగా, "అక్కగారిది కొంచెం నవ్వు ముఖం" అన్నాడు.

ఆయన పోయేదాకా ఆగి, నేనూ ఒకసారి ఫొటోలోని ఆ పిల్లలా నవ్వి చూశాను. పూర్తిగా రాలేదు గానీ, వచ్చింది.